కన్నప్ప కాలు పెట్టిన చోటు



మా కె.ఆర్.పురంలో ఉపాధ్యాయుల గదిలో కన్నప్ప పేరెత్తితే చాలు, టీలు చల్లారిపోతాయి. కన్నడం మేష్ట్రు 'మా రాజ్‌కుమార్' అంటారు, తెలుగువాళ్లం 'మా కృష్ణంరాజు' అంటాం. తమాషా ఏమిటంటే, సినిమా కథ ఎవరూ చెప్పరు. అందరూ చెప్పేది ఒకే సన్నివేశం. మీకూ అదే గుర్తుండి ఉంటుంది.

ఈ తగవు తీరాలంటే 1954కు వెళ్లాలి. ఆ ఏడు హెచ్.ఎల్.ఎన్. సింహ 'బేడర కణ్ణప్ప' తీశారు. గుబ్బి వీరణ్ణగారి నాటక కంపెనీలో పెరిగిన ముత్తురాజు అందులోనే కథానాయకుడై రాజ్‌కుమార్ అయ్యాడు. అదే ఏడు, అదే దర్శకుడు, అదే నటుడు తెలుగులో 'కాళహస్తి మహాత్మ్యం' చేశారు. రాజ్‌కుమార్ తెలుగులో నటించిన చిత్రం అదొక్కటే. బాపుగారి 'భక్త కన్నప్ప'లో కృష్ణంరాజు విల్లు పట్టింది 1976లో, అంటే ఇరవై రెండేళ్ల తర్వాత.

ఇక ఆ సన్నివేశం. లింగం కంట నెత్తురు కారుతుంది. తిన్నడు తన కన్ను పెకలించి అక్కడ పెడతాడు, నెత్తురు ఆగుతుంది. అంతలో రెండో కన్ను కారుతుంది. ఇచ్చేందుకు ఇంకో కన్నుంది, కానీ అదీ తీసేస్తే ఎక్కడ పెట్టాలో కనబడేదెలా? అందుకని గుర్తుకోసం చెప్పుకాలు స్వామి కంటిమీద ఆనిస్తాడు. నన్నడిగితే సన్నివేశమంతా ఆ కాలిలోనే ఉంది. కన్నిచ్చేది భక్తి, కాలు పెట్టేది వేటగాడి తెలివి. దేవుడిమీద కాలు పెడుతున్నానన్న ఆలోచన కూడా రాదు వాడికి.

ఈ కథను పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలో చెప్పాడు. కన్నడంలో హరిహరుడు రగళెగా రాశాడు. రాయలనాటి ధూర్జటి తెలుగులో కావ్యం చేశాడు. సేక్కిళార్ చెప్పిన కథలో అర్చకుడు చెడ్డవాడు కాడు. గుడి మైలపడిందని నిజంగా కుమిలిపోయిన మనిషి. స్వామి చెప్పగా చాటున దాగి ఆ కాలినీ, ఆ కంటినీ చూసినవాడు ఆయనే. ఈ సన్నివేశానికి మొదటి ప్రేక్షకుడన్నమాట! సినిమాలవాళ్లు ఆయన్ని కపటిగా మార్చేశారు. కథ నడవడానికి అది సులువే గానీ, నాకు మాత్రం నష్టమనే తోస్తుంది. దుర్మార్గుడు ఓడిపోవడం వేరు, నిష్ఠాపరుడు తన నిష్ఠ చాలదని కళ్లారా చూడడం వేరు.

1988లో శివరాజ్‌కుమార్, 2025లో మంచు విష్ణు మళ్లీ కన్నప్పలయ్యారు. మా ఊరి పక్కనుంచి పోయే పాత మద్రాసు రోడ్డు కోలారు, ముళబాగిలు దాటి చిత్తూరు వైపు సాగుతుంది. అక్కణ్ణుంచి కాళహస్తి ఎంతో దూరం కాదు. అక్కడ కన్నప్ప గుడి కొండమీద ఉంది.

1954 సంగతి చెప్పాక మా కన్నడం మేష్ట్రు నవ్వి, "అయితే మా అణ్ణావ్రు మీకూ అన్నే!" అన్నారు. టీ మాత్రం మళ్లీ కాచుకోవలసి వచ్చింది.