డ్యూక్, డోజ్, దుచే: ఒకే తల్లి బిడ్డలు

జర్మనీ క్లయింట్లతో పనిచేసిన వాళ్ళలో చాలామంది ఇది చూసే ఉంటారు. అక్కడి కంపెనీల నుంచి వచ్చే మెయిళ్ళ అడుగున, అడ్రసూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉండేచోట, "గెషెఫ్ట్స్‌ఫ్యూరర్" అని రాసి పక్కన ఓ పేరుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. ఫ్యూరరా! ఆ పదవి ఇంకా ఉందా? తీరా కనుక్కుంటే దానర్థం మేనేజింగ్ డైరెక్టర్, అంతే. వ్యాపారాన్ని నడిపేవాడన్నమాట. డ్రైవింగ్ లైసెన్సు పేరు "ఫ్యూరర్‌షైన్", టూరిస్టు గైడు "రైజెఫ్యూరర్". మూలంలో ఉన్నది "నడిపించు" అనే మామూలు క్రియ. మన "నాయకుడు" అనే మాట పుట్టిన సంస్కృత ధాతువుకీ అదే అర్థం.

అయితే వేరే మాటతో కలవకుండా ఒంటరిగా "ఫ్యూరర్" అంటే మాత్రం జర్మన్లకి చప్పున గుర్తొచ్చేది ఒక్కడే. అందుకే టీమ్ లీడర్ని "టీమ్‌లైటర్" అంటారు. ఒక్క మనిషి పన్నెండేళ్ళ పాలనలో ఓ మామూలు మాటని ఇంతగా మైలపరిచాడు.

సరే, ఈ తవ్వకంలో దొరికిన అసలు కథ లాటిన్‌ది. లాటిన్లో "దుకెరె" అంటే నడిపించడం. దాన్నుంచి "దుక్స్", అంటే నడిపించేవాడు. రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాల్లో సరిహద్దుల్లో సైన్యాన్ని చూసుకునే అధికారిని ఇలా పిలిచేవాళ్ళు. సామ్రాజ్యం కూలిపోయింది గానీ మాట బతికింది. ఫ్రెంచిలో "ద్యుక్", ఇంగ్లీషులో "డ్యూక్", వెనిస్‌లో "డోజ్", ఇటాలియన్‌లో "దుచే" అయ్యింది. రుమేనియన్లో అదే కుటుంబం నుంచి "కొందుకతోర్" వచ్చింది. 1940లో అధికారం చేజిక్కించుకున్న అంతొనెస్కు పెట్టుకున్న బిరుదు అదే, తర్వాత చౌషెస్కుకి కూడా అదే. మన ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టే కండక్టరుదీ అదే మూలం! (స్పెయిన్‌లో ఫ్రాంకో బిరుదు "కౌదియ్యో"ది మాత్రం వేరే కుటుంబం. లాటిన్లో "తల" నుంచి వచ్చింది, అసలర్థం "చిన్న తలకాయ". మనం పెద్ద తలకాయలంటాం, వాళ్ళు రివర్సులో వెళ్ళారు.)

నాకు ఆసక్తి కలిగించింది ఏంటంటే, అన్నదమ్ముల్లాంటి డోజ్‌కీ దుచేకీ ఉన్న తేడా.

వెనిస్ వాళ్ళకి డోజ్ కావాలి, కానీ డోజ్ అంటే భయం కూడా. 1268లో వాళ్ళు కుదుర్చుకున్న ఎన్నిక పద్ధతి చూస్తే మనలాంటి వాళ్ళకి అల్గారిథమ్ గుర్తొస్తుంది. లాటరీలో 30 మందిని తీస్తారు, మళ్ళీ లాటరీతో 9కి తగ్గిస్తారు. ఆ 9 మంది 40 మందిని ఎన్నుకుంటారు, లాటరీతో 12 అవుతారు. వాళ్ళు 25 మందిని ఎన్నుకుంటే, లాటరీలో 9 మంది మిగుల్తారు. ఆ 9 మంది 45 మందిని ఎన్నుకుంటారు, లాటరీలో 11 అవుతారు. ఆ 11 మంది ఎన్నుకున్న 41 మంది చివరికి డోజ్‌ని ఎన్నుకోవాలి, కనీసం 25 ఓట్లు పడాలి. ఇదంతా ఎందుకంటే ఏ వర్గమూ ముందుగా లెక్కలేసి రిగ్గింగ్ చెయ్యకుండా ఉండటానికి.

పోనీ గెలిచాక సుఖమా అంటే అదీ లేదు. విదేశాల నుంచి వచ్చిన ఉత్తరం సలహాదారులు పక్కన లేకుండా విప్పకూడదు. పోయాక కూడా ఆయన లెక్కలమీద విచారణ జరిపి, తేడా వస్తే వారసుల దగ్గర జరిమానా వసూలు చేసేవాళ్ళు. 1355లో మరీన్ ఫలియెర్ అనే డోజ్ ఈ కట్లన్నీ తెంచుకుని రాజైపోదామని కుట్ర పన్నాడు. తల తీసేశారు. డోజ్‌ల భవనంలో వరసగా డోజ్‌ల బొమ్మలుంటాయి. ఆయన స్థానంలో మాత్రం నల్ల గుడ్డ బొమ్మ గీసి ఉంటుంది, ఇప్పటికీ. ఈ ఏర్పాటు 1797లో నెపోలియన్ వచ్చేదాకా నడిచింది.

ఇప్పుడు దుచే సంగతి. ముస్సోలినీ 1922లో ప్రధాని అయ్యాడు. 1925 డిసెంబరులో ఓ చట్టం తెచ్చి ప్రభుత్వాధినేత పార్లమెంటుకి జవాబు చెప్పక్కర్లేదనిపించుకున్నాడు. అంటే దుచే చేతికి కట్టిన తాళ్ళు ఒక్కొక్కటే విప్పేశారన్నమాట. జర్మనీలోనూ అంతే. 1934 ఆగస్టు 2న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పోగానే ఆ పదవినీ హిట్లరే కలిపేసుకున్నాడు. ఆ రోజే సైనికుల చేత రాజ్యాంగానికి కాకుండా పేరుపెట్టి హిట్లర్‌కే విధేయత ప్రమాణం చేయించారు.

ఇదే కుటుంబంలో ఇంకో ఉదాహరణ లక్సెంబర్గ్ గ్రాండ్ డ్యూక్. 2008లో కారుణ్య మరణం చట్టంమీద సంతకం పెట్టడానికి గ్రాండ్ డ్యూక్ హెన్రీ మనస్సాక్షి ఒప్పుకోలేదు. పెద్ద గొడవేం జరగలేదు. చట్టాలకి ఆయన ఆమోదం అక్కర్లేకుండా పార్లమెంటు రాజ్యాంగాన్నే మార్చేసింది. ఆయన పదవిలోనే ఉన్నాడు, 2025లో కొడుక్కి అప్పగించి దిగిపోయాడు.

మూలం ఒకటే, అర్థమూ ఒకటే. తేడా అంతా "కాదు, కుదరదు" అని ఆ మనిషికి చెప్పగలిగినవాళ్ళు మిగిలారా లేదా అన్నదాంట్లోనే ఉంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన లంచ్ టేబుళ్ళ దగ్గర ట్రాఫిక్కో, లంచాలో టాపిక్ రాగానే "ఈ దేశానికి ఓ హిట్లర్ రావాలండీ" అనేవాళ్ళు తప్పకుండా ఒకరుంటారు. ఒకప్పుడు నేనూ అన్నాను. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, విసిగిపోయినవాళ్ళు. కానీ గట్టి నాయకుడు కావాలని కోరుకోవడం వేరు, ఆయన్ని అడిగేవాళ్ళు ఉండకూడదని కోరుకోవడం వేరు. మొదటిది అడుగుతున్నామనుకుంటూ రెండోది అడిగేస్తున్నాం.

రోమ్‌లోని ఫోరో ఇతాలికో దగ్గర ఓ ఎత్తైన పాలరాతి స్తంభం మీద "ముస్సోలినీ దుక్స్" అని ఈ రోజుకీ పెద్దక్షరాల్లో ఉంది. చెక్కించుకున్న మనిషిని 1945 ఏప్రిల్ 28న కాల్చేశారు. ఆలోగా ఆయన నడిపించిన దారిలో పోయిన ప్రాణాలెన్నో. ఆ స్తంభానికీ, వెనిస్‌లోని ఆ నల్ల గుడ్డకీ మధ్య నన్ను ఎంచుకోమంటే, నేను నల్ల గుడ్డ వైపే.