మూత్రాశయ రక్తప్రసరణ లోపం, మొక్కల యాంటీఆక్సిడెంట్లు: పరిశోధన చరిత్ర

మూత్రాశయం గోడకు రక్తం చాలకపోతే అందులోని కండరం, నరాలు దెబ్బతింటాయి. ద్రాక్ష, టీ వంటివాటిలోని యాంటీఆక్సిడెంట్లు ఆ నష్టాన్ని తగ్గించగలవా అన్న ప్రశ్న మాత్రం ఇటీవలిదే. వయసు మీదపడ్డాక వచ్చే మూత్ర ఇబ్బందులను చాలాకాలం పురుషుల్లో ప్రోస్టేట్ గ్రంథికి, స్త్రీలలో కాన్పులకు అంటగట్టేవారు. రక్తనాళాల మీద అనుమానం ఆలస్యంగా వచ్చింది.

మొక్కల వైపు కథ అంతకన్నా పాతది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జార్జి 1936లో నిమ్మజాతి పండ్లలోని ఫ్లేవనాయిడ్లకు ‘విటమిన్ పి’ అని పేరు పెట్టాడు. అవి లేకపోతే ఫలానా జబ్బు వస్తుందని ఎవరూ చూపలేకపోవడంతో 1950 ప్రాంతంలో ఆ పేరు పోయింది. 1956లో శాస్త్రవేత్త డెన్హమ్ హార్మన్ ముసలితనానికి కణాలను దెబ్బతీసే అణువులైన ఫ్రీ రాడికల్సే కారణమని ప్రతిపాదించాడు. 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైమును కనుగొన్నారు. శరీరమే సూపరాక్సైడ్ అనే విషపు ఆక్సిజన్ రూపాన్ని తయారుచేసి, దానికి విరుగుడునూ దగ్గర పెట్టుకుంటుందని దానితో తేలింది.

అసలు మలుపు 1981లో వచ్చింది. గ్రేంజర్, మెకార్డ్ బృందం పిల్లుల పేగులకు రక్తం బాగా తగ్గించి, మళ్లీ వదిలి చూసింది. రక్తం తగ్గినప్పుడే కాదు, తిరిగి వచ్చినప్పుడు కూడా హాని జరుగుతోంది. కణాలు శక్తిని ఏటీపీ అనే అణువులో నిలవచేసుకుంటాయి. రక్తం ఆగితే ఆ ఏటీపీ విరిగి హైపోగ్జాంథిన్‌గా పోగుపడుతుంది. ఆక్సిజన్ తిరిగి అందగానే గ్జాంథిన్ ఆక్సిడేజ్ ఎంజైము దాని మీద పనిచేస్తుంది, సూపరాక్సైడ్ పుడుతుంది.

మూత్రాశయానికి ఈ లెక్క ఇట్టే సరిపోయింది. ప్రోస్టేట్ పెరిగి దారి ఇరుకైతే కండరం బలంగా బిగుసుకోవాలి. ఆ బిగింపుకే గోడలోని నాళాలు నలిగి రక్తం తగ్గుతుంది, మూత్రం పోయాక మళ్లీ వస్తుంది. అంటే, పిల్లి పేగులో ఒక్కసారి చేసిన ప్రయోగం ఇక్కడ రోజూ పలుమార్లు జరుగుతుందన్నమాట. అమెరికాలో ఆల్బనీకి చెందిన రాబర్ట్ లెవిన్ బృందం కుందేళ్లలో ఈ వరసను ఏళ్ల తరబడి పరిశీలించింది. బోస్టన్‌లో కాజెమ్ అజాద్‌జోయ్, సహచరులు మరో దారి పట్టారు. కుందేళ్ల కటి ధమనుల్లో కొవ్వు పేరుకునేలా చేసి, దీర్ఘకాలం రక్తం చాలని మూత్రాశయం అదుపు తప్పి బిగుసుకుంటుందనీ, దాని కణజాలం నిర్మాణమే మారిపోతుందనీ 1999లో ప్రచురించారు. మూత్రమార్గంలో అడ్డంకి లేకుండానే, రక్తం కొరత ఒక్కటే ఇంత పని చేయగలదని దీనితో రుజువైంది.

మందు వెతుకులాటలో లెవిన్ బృందం కుందేళ్లకు ద్రాక్షపొడి ద్రావణం పట్టింది. అది తాగిన కుందేళ్ల మూత్రాశయ కండరం అడ్డంకి పెట్టాక కూడా మెరుగ్గా ముడుచుకుంది. 2008లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు గ్రీన్ టీ పాలీఫినాల్స్ మూత్రాశయ కణాలను హైడ్రోజన్ పెరాక్సైడ్ దెబ్బ నుంచి కాపాడతాయని చూపారు. అయితే అవి గాజుపాత్రలోని కణాలు. తాగిన టీలోని పాలీఫినాల్స్‌లో అధికభాగం పేగులో, కాలేయంలో మార్పు చెందాకే రక్తంలో కలుస్తుంది.

గాజుపాత్రకూ శరీరానికీ ఉన్న ఆ తేడాను యాంటీఆక్సిడెంట్ మాత్రల ప్రచారం పట్టించుకోలేదు. 1994లో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో బీటా-కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. 2011లో ‘సెలెక్ట్’ అనే అధ్యయనం విటమిన్ ఇ మాత్రలతో ప్రోస్టేట్ కేన్సర్ 17 శాతం పెరిగిందని చెప్పింది. ఆహార పదార్థాలకు యాంటీఆక్సిడెంట్ మార్కులు వేసే ‘ఒరాక్’ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. పాలీఫినాల్స్ ఫ్రీ రాడికల్స్‌ను స్వయంగా పట్టి బంధించవనీ, ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ను కదిలించి కణం సొంత రక్షణను మేల్కొలుపుతాయనీ ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

జంతువుల్లో కనబడిన ఈ మేలు మనుషుల మూత్రాశయ చికిత్సగా ఇంకా మారలేదు. కుందేళ్లకు ద్రాక్షను అడ్డంకి పెట్టడానికి ముందునుంచే ఇచ్చారు. రోగి డాక్టరు దగ్గరకు వచ్చేసరికి ఆ అడ్డంకికి ఏళ్లు నిండి ఉంటాయి.