అంధుల పాఠశాల నుంచి భవిత కేంద్రం దాకా

వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎండ ఎక్కడ మండిపోయిందని చూస్తే తరచు కనిపించే పేరు రెంటచింతల. పల్నాడు బయట చాలామందికి ఈ ఊరు వాతావరణ వార్తల ద్వారానే తెలుసు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం వారి అంధుల పాఠశాల కూడా ఈ ఊళ్లోదే. 1842లో గుంటూరు చేరిన హయ్యర్ అనే మిషనరీ కొన్నేళ్లకు గురజాల ప్రాంతానికీ వచ్చి పనిచేశాడు. ఆయన మొదలుపెట్టిన లూథరన్ మిషన్ క్రమంగా బడులు, ఆసుపత్రులతో విస్తరించింది. చూపులేని పిల్లల చేతివేళ్లకు అక్షరాలు నేర్పే పని రెంటచింతలకు వచ్చిందీ ఆ దారిలోనే.

దేశంలో ఇలాంటి బడులకు పునాది పడింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అంధుల పాఠశాల తెరిచింది. 1890లో దక్షిణాన పాళయంకోట్టైలో మరొకటి వచ్చింది. వీటన్నిటికీ పద్ధతి ఒక్కటే: పిల్లవాణ్ని హాస్టల్లో చేర్చుకోవడం, చదువు, ఏదో ఒక చేతిపని నేర్పడం. బ్రెయిలీ నేర్పే టీచరుకే శిక్షణ అవసరం అనుకునేవారు. పెట్టె సర్ది దింపి రావడం, సెలవులకు తీసుకువెళ్లడం వరకే తల్లిదండ్రుల పని. ఆ బడులు లేకపోతే వేలమందికి అక్షరమే లేదు, ఆ రుణం చిన్నది కాదు. కానీ బిడ్డ వేళ్ల కింద ఉన్న చుక్కలేమిటో అమ్మకు చెప్పినవాళ్లు మాత్రం లేకపోయారు.

వైకల్యమున్న పిల్లల్ని వీలైనంతవరకు మామూలు బళ్లలోనే చదివించాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. 1974లో కేంద్రం వికలాంగ బాలల సమైక్య విద్యా పథకం తెచ్చింది. పుస్తకాలకు, ప్రయాణానికి సాయం చేయడం, కొద్దిమంది పిల్లలకు ఒక రిసోర్స్ టీచరును ఇవ్వడం దాని ఉద్దేశం. పిల్లవాడు బడిలో చేరినా తరగతి టీచరుకు అతనితో ఏం చేయాలో తెలిసేది కాదు. 1987లో యునిసెఫ్ సాయంతో ఎన్‌సీఈఆర్‌టీ చేపట్టిన ప్రాజెక్టు ఈ లోపాన్ని పట్టుకుంది. ఎంచుకున్న బ్లాకులో టీచర్లందరికీ వారం రోజులు, కొందరికి ఆరు వారాలు, గుప్పెడుమందికి ఏడాది శిక్షణ ఇచ్చారు. అన్ని లోపాల గురించీ కొంత తెలిసిన టీచరు అవసరమని అప్పుడే గట్టిగా తేలింది. ఆ ప్రాజెక్టుకు ఎంపికైన రాష్ట్రాల్లో మనది లేదు.

మనకు దక్కింది వేరే. 1984లో సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలిసింది. ఇప్పుడది మేధో వైకల్య సాధికారత సంస్థ. తల్లిదండ్రుల శిక్షణ అనే మాటకు తెలుగునేల మీద నిజమైన అర్థం వచ్చింది అక్కడే. తినడం, స్నానం, పళ్లు తోముకోవడం, బట్టలు వేసుకోవడం లాంటి పనుల్ని ఒక్కోదాన్ని ఒక్కో చిన్న పుస్తకంగా ఆ సంస్థ ప్రచురించింది.

పళ్లు తోముకోవడమే తీసుకుందాం. పెద్దవాళ్లకది ఒక్క పని. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న బిడ్డకు అది ఎనిమిదో, పదో పనులు: బ్రష్ పట్టుకోవాలి, తడపాలి, పేస్టు మూత తిప్పాలి, పేస్టు పెట్టాలి, ముందు పళ్లు, లోపలి పళ్లు తోమాలి, పుక్కిలించాలి, బ్రష్ కడిగి దాని చోట పెట్టాలి. ఒక్కోసారి చివరి మెట్టు నుంచి మొదలుపెడతారు. అంతా అమ్మే చేయించి, బ్రష్ కడిగి పెట్టడం ఒక్కటి బిడ్డకు వదులుతుంది. పని పూర్తి చేసింది తానే అన్న సంతోషం బిడ్డకు దక్కుతుంది. అది వచ్చాక ఒక్కో మెట్టు వెనక్కి వస్తారు. డిగ్రీతో పని లేకుండా వంటింటి పక్కన పంపు దగ్గర చేయగలిగిన బోధన ఇది.

ఇంటినే బడిగా చూసే ఈ ఆలోచనకు అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1969లో మొదలైన పోర్టేజ్ కార్యక్రమం ఒక నమూనా. టీచరు వారానికోసారి ఇంటికొచ్చి, ఆ వారం నేర్పాల్సింది కాగితం మీద రాసి, చేసి చూపించి వెళ్లేది. 1975లో అమెరికా చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ప్రతి బిడ్డకూ విడిగా రాతపూర్వక ప్రణాళిక ఉండాలని, దాన్ని తయారుచేసేటప్పుడు తల్లిదండ్రులు బల్ల దగ్గర కూర్చోవాలని శాసించింది. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇలాంటి బిడ్డలున్నవారికి, ఈ ప్రణాళిక కోసం జరిగే ‘ఐఈపీ మీటింగ్’ బాగా తెలిసిన మాట. బిడ్డ ఇప్పుడేం చేయగలడు, ఏడాదిలో ఏం చేయాలి, ఎవరు నేర్పుతారు, నేర్చుకున్నదీ లేనిదీ ఎలా తేలుస్తారు అన్నవన్నీ ఆ ప్రణాళికలో ఉండాలి. ‘చదవడం నేర్పాలి’ అని రాస్తే అది ప్రణాళిక కాదు. మూడు నెలల్లో తన పేరు, ఊరి పేరు, బస్సు మీది బోర్డు గుర్తుపట్టాలి అని రాస్తే అమ్మకూ టీచరుకూ దారి కనిపిస్తుంది.

మన దగ్గర 1995 నాటికి తల్లిదండ్రుల సంఘాలు దేశవ్యాప్తంగా ‘పరివార్’ పేరుతో ఒక్కటయ్యాయి. అదే ఏడాది వికలాంగుల చట్టం 18 ఏళ్లదాకా ఉచిత విద్య హామీ ఇచ్చింది. అంతకు ముందటేడు స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రతినిధులు, బడే పిల్లలందరికీ తగినట్టు మారాలని ప్రకటించారు. 2016 చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది, టీచర్ల శిక్షణను ప్రభుత్వాల బాధ్యత చేసింది. ఒక్కో బిడ్డకు తగిన తోడ్పాటు గురించి చెప్పింది గానీ, ప్రణాళిక మీద తల్లిదండ్రుల సంతకం ఉండాలని చెప్పలేదు. పెద్ద వెలితి అది.

ఊరిదాకా వచ్చిన మార్పు సర్వశిక్షా అభియాన్‌తో మొదలైంది. ప్రత్యేక అవసరాలున్న ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,200 రూపాయల లెక్కన మొదలైన కేటాయింపు తర్వాత 3,000 అయింది. మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు వచ్చాయి, ఐఈఆర్‌టీలు అనే రిసోర్స్ టీచర్లు వచ్చారు. ఫిజియోథెరపీ, కాలిపర్లు, వినికిడి యంత్రాలు, రవాణా భత్యం, మంచం దిగలేని పిల్లలకు ఇంటి దగ్గర చదువు అన్నీ ఈ గొడుగు కింద వచ్చినవే. ఒకప్పుడు బిడ్డను దూరపు హాస్టలుకు పంపితేగానీ దొరకని సాయం మండల కేంద్రానికి వచ్చిందంటే, వందేళ్లు దాటిన ఈ ప్రయాణంలో అతి పెద్ద మలుపు అదే.

ఇక్కడ చేయాల్సింది ఇంకా చాలా ఉంది. బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి భవిత కేంద్రం వరండాలో గంటలకొద్దీ కూర్చుంటుంది. ఆ గంటల్లోనే ఆమెకు నేర్పవచ్చు. కానీ చాలాసార్లు ఆమెతో మాట్లాడేది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గురించి, పింఛను గురించి. అవీ అవసరమే. బిడ్డకు ఈ నెల ఏం నేర్పుతున్నారో ఆమెకు చెప్పడం అంతకన్నా అవసరం. మిరపకోతల రోజుల్లో శిక్షణ సభ పెడితే పల్నాడులో కూలికెళ్లే తల్లి రాలేదు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. రాకపోతే ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అన్న మాట పడుతుంది. ఈ మాట అన్యాయం.

టీచర్ల వైపు 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక లెక్క చెప్పింది: ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలి. దాన్ని అమలు చేసే క్రమంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఏళ్లతరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొచ్చిన పనికి ఇది దక్కాల్సిన గౌరవం.

ఈ కొత్త టీచర్లకు ఇచ్చే శిక్షణలో తల్లిదండ్రులతో కూర్చుని ప్రణాళిక రాయడం ఒక భాగం కావాలి. పల్నాడు జిల్లా అధికారులు తల్లిదండ్రుల సమావేశాలను కోతలు లేని నెలల్లో పెట్టాలి, వచ్చినవారికి ఆనాటి కూలి ఇవ్వాలి, బిడ్డ ప్రణాళిక నకలు తెలుగులో వారి చేతికివ్వాలి. చదవడం రాని తల్లికి చదివి వినిపించాలి.