రంగు కింద ఉప్పు

జాకీ మీద బండి అరడుగు లేచింది. మేస్త్రి డ్రైవరు వైపు తలుపు తెరిచి మళ్లీ వెయ్యబోయాడు. పడలేదు. తలుపు అంచు పక్క రేకుకి కొట్టుకుని ఆగిపోయింది. జాకీ దింపించి మళ్లీ వేశాడు, పడింది. ఇంకోసారి ఎత్తించాడు, మళ్లీ పడలేదు. అప్పుడు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నాన్న వైపు తిరిగి, "నడుం పోయిందన్నగారూ" అన్నాడు.

అది 2014 జూన్. బెజవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు. బండి అంబాసిడర్ మార్క్ 3, 1976 మోడల్. నాన్న ఇరవై ఏళ్లు బందరులో కిరాయికి తిప్పి, మా ముగ్గురినీ చదివించిన బండి.

లారీకి ఛాసీ వేరు, క్యాబిన్ వేరు. క్యాబిన్ తుప్పు పట్టి జల్లెడైపోయినా ఛాసీ గట్టిగా ఉంటే లారీ నడుస్తుంది. అంబాసిడర్‌కి అలా విడిగా ఛాసీ లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా పెట్టెల్లా ఉండే సిల్లులు, పైకప్పు, దాన్ని మోసే కమ్మీలు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే గూడు అది. బరువంతా ఆ గూడే మోస్తుంది. సిల్లు కుళ్లిందంటే జాకీ ఎత్తినప్పుడు బండి మధ్యలో వంగుతుంది, తలుపుల సందు మారిపోతుంది. ఈ సంగతి మేస్త్రి చెప్పకముందే నాన్నకి తెలుసు. ఆయన ఏమీ మాట్లాడకుండా వెనక చక్రం మీది మడ్గార్డు నిమురుతూ నిలబడ్డాడు.

ఆ మే నెల 24న, బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో పని ఆపేస్తున్నట్టు అంబాసిడర్ తయారుచేసే హిందుస్థాన్ మోటార్స్ ప్రకటించింది. వార్త పేపర్లో వచ్చిన పొద్దున నాన్న దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, మా ఇంటి షెడ్డులోకి వెళ్లి బండి మీద టార్పాలిన్ తీశాడు. 2001 నుంచి అది అక్కడే పడి ఉంది. సాయంత్రం దాకా ఆయన బయటికి రాలేదు. రాత్రి అన్నం దగ్గర కూర్చుని, "దానికి రంగు వేయిద్దాంరా" అన్నాడు. నేను ఎందుకని అడగలేదు.

ఆ కంపెనీ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో ఉత్తరపారాకి చేరింది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పేరుతో వచ్చిన కారే 1957లో ఇక్కడ అంబాసిడర్ అయింది. అక్కడివాళ్లు 1959లోనే ఆ రూపాన్ని వదిలేశారు. మనవాళ్లు వదల్లేదు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి. పేరు మారినప్పుడల్లా ముందు గ్రిల్లు మారింది, లైట్లు మారాయి, డ్యాష్‌బోర్డు మారింది. 1992లో ఇసుజు ఇంజనూ వచ్చింది. ఒళ్లు మాత్రం అదే. ఒకప్పుడు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినా దొరకని కారు కాబట్టి కొత్తదాన్ని తయారుచెయ్యాల్సిన అవసరం కంపెనీకి కనపడలేదు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చిన రోజున ఆ రోజులు ముగిశాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు అంబాసిడర్ బతికింది సర్కారు ఆఫీసుల మీద, టాక్సీల మీద. 2017లో ఆ పేరును ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది. కొన్నది పేరునే.

నాన్న దాన్ని 1981లో కొన్నాడు. బండి వయసు అప్పటికి అయిదేళ్లు. తెల్లగా అద్దంలా ఉంది. కొత్త కారు రంగు ఇంకా చెక్కుచెదరలేదని నాన్న మురిసిపోయేవాడట. అప్పు తెచ్చి కొన్న బండి కదా, మా అమ్మ దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టిందట.

ఆయన చేతిలో దానికి మూడుసార్లు రంగు పడింది. 1985లో మెరూన్, 1990లో క్రీమ్, 1996లో మళ్లీ తెలుపు. మూడుసార్లూ ఈ మేస్త్రే. రెండోసారి వేసవి సెలవులకి నన్నూ తీసుకెళ్లారు. పదిహేను రోజులు ఆ షెడ్డులోనే ఉన్నాను. జీవితంలో నేను చూసిన అందమైన పనుల్లో అది ఒకటి.

ముందు బంపర్లు, లైట్లు, బీడింగులు, తలుపు పిడులు అన్నీ ఊడదీస్తారు. బండి కళ్లూ పళ్లూ తీసేసిన ముఖంలా అయిపోతుంది. పాత రంగు లేచిన చోట మాత్రం రిమూవరు పూస్తారు, కాసేపటికి అది పొంగి ముడతలు పడుతుంది, బ్లేడుతో గీకేస్తారు. గట్టిగా ఉన్న చోట పాత రంగుని అలాగే ఉంచేస్తారు. తర్వాత టింకర్ పని. సొట్ట లోపల వైపు ఇనప డాలీ ఆనించి, బయట నుంచి సుత్తితో మెత్తగా కొడతారు. రేకు సాగిపోయి ఉబ్బిన చోట గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్దుతారు. సుయ్యిమని రేకు బిగుసుకుంటుంది. ఆ చప్పుడు కోసం నేను పక్కనే కూర్చునేవాణ్ణి.

ఆపైన ఎర్ర ప్రైమరు. దాని మీద పుట్టీ. పుట్టీని పల్చగా, పొర మీద పొరగా లాగాలి. ఒకేసారి మందంగా పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఆర్నెల్లకి పగులుతుంది. ఆరాక వాటర్ పేపరుతో రుద్దుడు. నా పని చెంబుతో నీళ్లు పొయ్యడం. పాలలాంటి నీళ్లు తలుపు మీంచి కారుతుంటే కుర్రాళ్లు గంటల తరబడి రుద్దేవాళ్లు. వాళ్ల వేలిముద్రలు అరిగి నున్నగా ఉండేవి. మేస్త్రి వచ్చి అరచేతి కింద పల్చటి గుడ్డ వేసుకుని రేకు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరేవాడు. కంటికి కనపడని పల్లం ఆ చేతికి దొరికేది. దొరికితే మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దుడు. చివరికి సర్ఫేసరు, దాని మీద థిన్నరు కలిపిన రంగు నాలుగైదు పూతలు, ఆరాక కాంపౌండ్‌తో మెరుగు. వాన వాసన వస్తే మాత్రం స్ప్రే గన్ ముట్టేవాడు కాదు. థిన్నరు ఆవిరై పోతూ రేకుని చల్లబరుస్తుంది, గాలిలో తేమ పూత మీద పడుతుంది, రంగు మీద పాలతెర కమ్మేస్తుంది.

ఆ 1990లోనే మేస్త్రి సిల్లు కింద సుత్తి పిడితో తట్టి చూశాడు. మంచి రేకు ఖంగుమంటుంది. ఇది మొద్దుగా పలికింది. "అన్నగారూ, ఇది కోసి కొత్త రేకు వెయ్యాలి. ఇరవై రోజులన్నా పడుతుంది" అన్నాడు. పెళ్లిళ్లకి బయానాలు తీసుకుని ఉన్నాడు నాన్న. పూలు కట్టించుకుని కల్యాణమండపం ముందు ఆగాల్సిన బండి, సిల్లు ఎవరు చూస్తారు? "ఈసారికి పుట్టీతో కానియ్ మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి చిల్లులకి పల్చటి రేకు ముక్కలు అతికి, మీద పుట్టీ లాగి, మెరిపించి ఇచ్చాడు. 1996లోనూ ఇదే మాట, ఇదే జవాబు. నాన్నని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ ఇరవై రోజుల కిరాయి మా అక్క కాలేజీ ఫీజు.

2001లో పెదన మలుపు దగ్గర వెనక కమాను కట్ట పట్టే చోట నేల రేకు చిరిగిపోయి బండి కూలబడింది. లోపల ప్రయాణికులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. దాన్ని లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు.

మళ్లీ 2014 దగ్గరికి. మేస్త్రికి అప్పటికి డెబ్బై దాటాయి. చుట్టూ షెడ్డుల్లో హార్డెనరు కలిపిన కొత్త రంగులు, వేడి గదులు వచ్చేశాయి. వాటికి మెరుగు పట్టే పనే లేదు. అయినా ఆయన దగ్గర పాత స్ప్రే గన్ ఉంది. తలుపు మీద ఒకచోట అరచెయ్యి మేర వాటర్ పేపరుతో రుద్దడం మొదలుపెట్టాడు. చెట్టు మొదలు కోస్తే కనిపించే వలయాల్లా రంగులు తేలుతూ వచ్చాయి. తెలుపు, క్రీమ్, మెరూన్, మళ్లీ తెలుపు. అక్కడితో ఎర్ర ప్రైమరు రావాలి. రాలేదు. లేత నీలం వచ్చింది.

నాన్న వంగి చూశాడు. మేస్త్రి లేచి వెళ్లి వెనక సీటు పీకి దాని కింద చూశాడు, డ్యాష్‌బోర్డు వెనక టార్చి వేసి చూశాడు. ఏ పెయింటరు గన్నూ చేరని ఆ మూలల్లో అదే లేత నీలం, కంపెనీ రంగు.

"అయితే నేను కొనేటప్పటికే దీనికి రంగు పడిందన్నమాట" అన్నాడు నాన్న. "అయిదేళ్ల బండికి ఎందుకు వేశారు మేస్త్రీ?"

మేస్త్రి జవాబు చెప్పలేదు. ఉలి తెచ్చి సిల్లు అంచున పెట్టి సుత్తితో కొట్టాడు. పుట్టీ వేలెడు మందాన పెచ్చులుగా రాలింది. దాని వెనక రేకు రేకులా లేదు, అప్పడంలా విరిగింది. లోపల నుంచి బూడిద రంగు మట్టి జలజలా నేల మీదికి కారింది. మెత్తటి ఒండ్రు. అందులో గోరంత గుల్ల ఒకటి.

నాన్న మోకాళ్ల మీద కూర్చుని దాన్ని దోసిట్లోకి తీసుకున్నాడు. వేళ్లతో నలిపాడు. నాలుక కొనకి తాకించుకున్నాడు.

"ఉప్పెన మట్టి" అన్నాడు.

1977 నవంబరు 19. దివిసీమ మీదికి సముద్రం నడిచొచ్చిన రోజు. లెక్కకెక్కిన చావులే పదివేల దాకా. ఆ వారంలో నాన్న ఒక లారీకి క్లీనరుగా బియ్యం, దుప్పట్లు మోసుకుని అవనిగడ్డ దాకా వెళ్లాడు. అక్కడ చూసింది ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. చెట్లలో చిక్కుకున్న చీరల గురించి ఒక్కసారి మా అమ్మతో అంటుంటే విన్నాను. ఆ నీళ్లలోనే ఎక్కడో ఒక లేత నీలం కారు మునిగింది. ఎవరో కడిగారు, ఆరబెట్టారు, తెల్లరంగు వేసి అమ్మారు. సిల్లు పెట్టెలో చేరిన ఒండ్రు బయటికి రాలేదు. నీళ్లు కారే చిల్లులు ఆ మట్టితోనే పూడుకుపోయాయి. ఉప్పు తగిలిన ఇనుము ఆరదు. గాలిలో తడిని పీల్చుకుంటూనే ఉంటుంది. బందరు గాలికి తడి కరువా? ఆ తడి ముప్పై ఏడేళ్లు రేకుని లోపల నుంచి తింటూ వచ్చింది. మేము పైన రంగులు మారుస్తూ వచ్చాం.

అమ్మినవాణ్ణి నాన్న ఒక్కమాట అనలేదు. "ఆడి ఇల్లు కూడా పోయుంటుంది" అన్నాడంతే.

మేస్త్రి గ్యాస్ వెల్డింగ్ వెలిగించి ఒకచోట ప్రయత్నించాడు. మంట తగిలిన చోటల్లా చిల్లు పెద్దదైంది. కొత్త సిల్లు రేకు వంచి చెయ్యడం ఆయనకి తెలుసు, దాన్ని అతకడానికి ఇటు మంచి రేకు మిగలాలి కదా. మంట ఆపేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "నా వల్ల కాదన్నగారూ" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

నాన్న చాలాసేపు ఆలోచించి, "బానెట్ బాగానే ఉందిగా?" అని అడిగాడు. ఉంది. ఇంజను వేడికి ఎప్పుడూ ఆరి ఉండే రేకు, ఖంగుమంది. "దానికన్నా వెయ్యి. ఆ నీలం వెయ్యి."

సీటు కింద తేలిన రంగు పక్కన పెట్టుకుని మేస్త్రి కంటితోనే రంగు కలిపాడు. తెలుపులో నీలం, చిటికెడు నలుపు, ఇంకో చుక్క పచ్చ. అట్టముక్క మీద వేసి ఆరాక చూడటం, మళ్లీ కలపడం. ఒక పూట దానికే పోయింది. పుట్టీ, రుద్దుడు అన్నీ ఆయనే చేశాడు, కుర్రాళ్లని తాకనివ్వలేదు. మూడో రోజు పూతలు వేస్తుంటే వాన దిగింది. బానెట్ మీద పాలతెర కమ్మేసింది. నాన్న ముఖం చూడలేకపోయాను. మేస్త్రి తొందరపడలేదు. మర్నాడు ఎండ కాసేదాకా ఆగి, రిటార్డరు కలిపిన థిన్నరు పల్చగా కొట్టాడు. తెర నెమ్మదిగా కరిగి, కింద నుంచి నీలం మళ్లీ తేలింది. దాని మీద షెడ్డు కప్పూ, నాన్న తలా కనిపించాయి.

మిగతా బండి పాత ఇనుముకి తూకానికి వెళ్లింది. నాన్న అది చూడటానికి ఉండలేదు. బానెట్‌కి దుప్పటి చుట్టి మినీ వ్యానులో వేసుకుని బందరు వచ్చేశాం. దారి పొడుగునా ఆయన చెయ్యి దాని మీదే ఉంది. 2019లో ఆయన పోయాడు. మేస్త్రి అంతకు ఏడాది ముందే.

ఆ బానెట్ ఇప్పటికీ మా షెడ్డులో గోడకి ఆనించి ఉంది. మొన్నటి వానలకి కింది అంచున, రేకు మడత దగ్గర, రెండు బొబ్బలు లేచాయి. పుట్టీ డబ్బా ఇంట్లోనే ఉంది, మూత తియ్యలేదు. బ్లేడు తీసుకుని తెల్లటి రేకు తేలేదాకా గీకాను.