డొమైన్ గడువు తీరితే ఏమవుతుంది?

ఎస్వీ యూనివర్సిటీలో దళిత ఉద్యమాల మీద పరిశోధన చేసే విద్యార్థి పాత వ్యాసంలోని ఒక లింకు నొక్కితే నిజనిర్ధారణ నివేదికకు బదులు ఆన్‌లైన్ రమ్మీ ప్రకటన తెరుచుకోవచ్చు. సైటును ఎవరూ హ్యాక్ చేసి ఉండరు. ఏడాది రుసుము కట్టలేదు, అంతే.

డొమైన్ 'కొన్నాం' అంటాం గానీ అది కొనుగోలు కాదు. మన చిత్తూరు పల్లెల్లో పొలం గుత్తకు తీసుకున్నట్టే. ఒక పేరును ఏడాదికో, గరిష్ఠంగా 10 ఏళ్లకో వాడుకునే హక్కు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటివాటికి ఐకాన్ నియమాలు, డాట్ ఇన్‌కు నిక్సీ నియమాలు. మనం డబ్బు కట్టేది రిజిస్ట్రార్ కంపెనీకి. వ్యాసాలు, ఫోటోలు దాచే సర్వర్‌కు కట్టేది వేరే. కాబట్టి పేరు పోయిన రోజే ఫైళ్లు పోవు. వాటికి దారి మూసుకుపోతుంది.

డాట్ కామ్ సంగతే చూద్దాం. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, తీరాక 5 రోజుల్లోపు మరోసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలి. తీరాక సైటు, దాని ఈమెయిల్ ఆగిపోతాయి. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు మామూలు రుసుముతోనే పునరుద్ధరించుకునే వీలుండవచ్చు. అయితే ఆ లోపే పేరును వేలానికి పెట్టే కంపెనీలూ ఉన్నాయి. ఆ తర్వాత 30 రోజుల విమోచన గడువు. అప్పుడు విడిపించుకోవాలంటే ఎన్నో రెట్లు కట్టాలి. చివరి 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆపైన ముందు ఎవరు నమోదు చేసుకుంటే వాళ్లదే. పాత పేర్ల కోసం యంత్రాలు పెట్టుకుని కాచుకునే వ్యాపారులున్నారు.

పెద్ద కంపెనీలూ మరచిపోతాయి. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ 35 డాలర్లు కట్టక పాస్‌పోర్ట్ డాట్ కామ్ గడువు తీరి, హాట్‌మెయిల్ తెరుచుకోలేదు. సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ ఆ డబ్బు కట్టాడు. మన సంఘాలకు అలాంటి అదృష్టం ఉంటుందనుకోలేం.

మన దగ్గర అసలు కారణం డబ్బు కన్నా ఎక్కువగా ఒక్కరి మీద ఆధారపడటం. హాస్టల్లో ఉన్నప్పుడు ఒక విద్యార్థి తన ఈమెయిల్, తన ఫోన్ నంబరుతో నమోదు చేస్తాడు. చదువు అయిపోతుంది, నంబరు మారుతుంది. హెచ్చరికలు ఎవరూ చూడని ఇన్‌బాక్సుకు, ఓటీపీ ఎవరి చేతిలోనో ఉన్న సిమ్ముకు పోతాయి.

రమ్మీ ప్రకటనకన్నా ప్రమాదకరమైనది ఈమెయిల్. పేరు కొత్తవాళ్ల చేతికి వెళితే, ఆ చిరునామాకు వచ్చే ఉత్తరాలన్నీ వాళ్లు అందుకోగలరు. దాడికి గురైన కుటుంబం పాత కరపత్రం చూసి పంపే ఫిర్యాదు, ఊరు పేరుతో, సాక్షుల పేర్లతో సహా, ఎవరో చదువుతారు. అదే చిరునామాతో తెరిచిన ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డ్ కూడా మార్చేయగలరు. అందుకే సైటు మూసేయాలనుకున్నా, ఖాతాలన్నీ వేరే ఈమెయిల్‌కు మార్చి, మరికొన్నేళ్లు పేరు నిలబెట్టుకోవడం మంచిది.

కోర్టులో లింకు ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు హ్యాష్ విలువతో ధ్రువపత్రం కావాలి. అత్యాచార నిరోధక చట్టం కింద కేసు నడుస్తుంటే, సైటు బతికి ఉండగానే అసలు ఫోటోలు, వీడియోలు న్యాయవాదికి అందాలి.

పోయిన సైటు పేజీలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరుకుతాయి. దానికి పాత చిరునామా తెలిసి ఉండాలి. బతికున్న పేజీని మనమే అక్కడ భద్రపరచవచ్చు, ఖర్చు లేదు. దాచేటప్పుడు ఊరు, మండలం, తేదీ రాయండి. 2022 ఏప్రిల్ 4కు ముందు శ్రీకాళహస్తి, సత్యవేడు ఘటనలన్నీ 'చిత్తూరు జిల్లా' పేరుతోనే ఉంటాయి. ఈ రోజు తిరుపతి జిల్లా అని వెతికితే అవి కనిపించవు.