కిస్రా కాలీన్ నుంచి ప్లాస్టిక్ గడ్డి దాకా: మన సహన్‌లో ఏం పరుద్దాం?

మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు ఇప్పుడు కడుతున్న కొత్త మకాన్‌లలో ఒక షౌక్ బాగా కనిపిస్తోంది. గేటు దాటగానే నాలుగడుగుల ఖాళీ స్థలం ఉంటే చాలు, అక్కడ పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తున్నారు. చాపలా చుట్టి అమ్ముతారు. కత్తిరించి అంటిస్తే ఒక్క పూటలో ఇంటి ముందు చమన్ తయార్. నీళ్లు పోసే పని లేదు, మాలీ జీతం లేదు. బచ్చేలు ఆడుకుంటారు, ఈద్ రోజు ఫోటోలు బాగా వస్తాయి. ఇంట్లో జవాన్‌లు వేద్దామంటారు, దాదీలు నానీలు వద్దంటారు. ఈ బహస్ చాలా ఇళ్లలో జరుగుతోంది. ఫైసలా ఎవరి ఇంటిది వాళ్లదే. కాకపోతే ఈ నకిలీ గడ్డికి ఒక తారీఖ్ ఉంది, మన బాగ్‌లకూ ఒక తారీఖ్ ఉంది. రెండూ తెలుసుకుని ఫైసలా చేసుకుంటే మంచిది.

మొట్టమొదటి నకిలీ బాగ్

వాడిపోని తోట కావాలన్న ఖ్వాహిష్ ఇవాళ్టిది కాదు. ఇరాన్‌ను ఏలిన సాసానీ బాద్షాల దగ్గర ఒక పెద్ద కాలీన్ ఉండేది. దాన్ని ‘బహార్-ఎ-కిస్రా’ అనేవాళ్లు, అంటే కిస్రా వారి వసంతం. చలికాలంలో బయట బాగ్‌లో పూలుండవు కాబట్టి, మహల్ లోపల ఈ కాలీన్ పరుచుకుని దాని మీద మెహ్‌ఫిల్ నడిపేవాళ్లు. అరవై మూరల పొడవు, అరవై మూరల వెడల్పు అని తబరీ తన తారీఖ్‌లో రాశాడు. బంగారు దారంతో నేల, జవాహరాత్‌తో నహర్‌లు, రేషమ్‌తో ఆకులు. అదంతా ఒక తోట నక్షా.

క్రీ.శ. 637లో హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) నాయకత్వంలో ముస్లిం ఫౌజ్ మదాయిన్ నగరాన్ని గెలిచినప్పుడు ఆ కాలీన్ మదీనాకు చేరింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మషూరా అడిగారు. అలాగే దాచిపెడదామన్న వాళ్లూ ఉన్నారు. హజ్రత్ అలీ (రజి) మాత్రం పంచేయమన్నారు. ముక్కలుగా కోసి పంచేశారు. హజ్రత్ అలీ (రజి) హిస్సాకు వచ్చిన ముక్క 20,000 దిర్హమ్‌లకు అమ్ముడుపోయిందని, అది అన్నిటికన్నా మంచి ముక్క కూడా కాదని తారీఖ్‌లో ఉంది.

అంత ఖీమతీ నకిలీ తోటను కూడా చివరికి కోసి పంచేశారు. అయినా ఇరానీ కాలీన్‌లలో బాగ్ నక్షాలు ఆగిపోలేదు. శతాబ్దాల తర్వాత ఆ హునర్ మన తెలుగు నేలకూ వచ్చింది. ఏలూరు తివాచీల నేత ఇరాన్ నుంచి వచ్చిన కారీగర్ కుటుంబాలతోనే మొదలైంది.

అర్దిస్తాన్ నుంచి గండికోటకు

మైలవరం జలాశయం వెనుక పెన్నా ఎగువకు వెళితే గండికోట వస్తుంది. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఆ ఖిలాను 1650లో గోల్కొండ సుల్తనత్ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఆయన అసలు పేరు మీర్ ముహమ్మద్ సయీద్. ఊరు ఇరాన్‌లోని అర్దిస్తాన్. 1652లో ఫ్రెంచి వజ్రాల తాజిర్ తావెర్నియే గండికోటకు వచ్చి ఆయన్ను కలుసుకున్నాడు.

అర్దిస్తాన్ ఎడారి అంచున ఉన్న ఊరు. అక్కడ నేల కింద సొరంగాలు తవ్వి, దూరం నుంచి నీళ్లు తెచ్చుకుంటారు. ఆ సొరంగాన్ని ఖనాత్ అంటారు. అర్దిస్తాన్‌లోని మూన్ ఖనాత్‌కు ఒక ఖాసియత్ ఉంది. అది ఒకదాని మీద ఒకటిగా రెండు అంతస్తుల ఖనాత్. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లిన ఇరాన్ ఖనాత్‌లలో అదీ ఒకటి. నీళ్లు లేని చోట పుట్టిన వాళ్లకే నీటి ఖదర్ తెలుస్తుంది. బాగ్ అనే ఫన్ అలాంటి నేల మీదే పెరిగింది. మన దక్కన్‌లో బీదర్ దగ్గర కూడా ఇలాంటి ఖనాత్ ఉంది.

గండికోటలో జామియా మసీదు, దాని దగ్గర కోనేరు, రాయల చెరువు, ధాన్యాగారం ఇప్పటికీ చూడవచ్చు. అక్కడే పెన్నా గట్టున ‘పరేబాగ్’ అనే తోట, పక్కన జలపాతం ఉన్నాయి. రాయల చెరువు నుంచి గొట్టాల ద్వారా పరేబాగ్ మహల్‌లోని ఫౌవారాకు నీళ్లు వచ్చేవని అక్కడివాళ్లు చెబుతారు. ఈ కొండల్లో, ఈ ఎండల్లో ఒక ఫౌవారా ఆడిందంటే అది ఎత్తుపల్లాల హిసాబ్ తెలిసినవాళ్ల పని. మోటారు లేదు, కరెంటు లేదు. చెరువు ఎత్తులో ఉంది, ఫౌవారా పల్లంలో ఉంది, అంతే.

మన జిల్లా తారీఖ్‌లో బాగ్ పేరు ఇంకోచోట కూడా తగులుతుంది. 1779లో కడప నవాబు హలీమ్ ఖాన్‌ను ఓడించి సిద్ధవటం తీసుకున్న హైదర్ అలీయే, అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు, 1760లో, బెంగళూరు లాల్‌బాగ్‌కు బునియాద్ వేశాడు. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ దాన్ని పెంచాడు. ఫౌజ్‌లు నడిపినవాళ్లు మొక్కల మీద కూడా అంత ఖయాల్ పెట్టారు.

తోట మాటలు

తెలుగులోకి వచ్చిన ఉర్దూ, ఫార్సీ మాటల్లో తోటవి చాలానే ఉన్నాయి. గులాబీ మనందరి మాట. బగీచా, గుల్దస్తా, అంజీర్, హౌజ్ కూడా అంతే. ‘కలమ్’ అంటే రాసే కలమే కాదు, కొమ్మను కోసి అంటుకట్టడం కూడా. అందుకే అంటుమామిడిని ఉర్దూలో కలమీ ఆమ్ అంటారు. హైదరాబాద్‌లో బాగ్ లేని మొహల్లా దొరకడం కష్టం: బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్-ఎ-ఆమ్.

‘సబ్జా’ అనే మాట చూడండి. ఉర్దూలో దానికి పచ్చదనం, పచ్చిక అని మానే. మన ఇళ్లలో మాత్రం రంజాన్ నెలలో షర్బత్‌లో వేసే గింజలనే సబ్జా అంటాం. పచ్చిక అన్న అర్థం మన వాడుకలో నిలవలేదు. దానికి ఒక సబబ్ ఉంది. మన పాత ఇళ్ల సహన్‌లో పచ్చిక ఎప్పుడూ ముఖ్యం కాదు. నీడ ముఖ్యం, నీళ్లు ముఖ్యం, ఖుష్బూ ముఖ్యం, పండు ముఖ్యం.

లాన్ ఎక్కడిది?

మొఘల్ గార్డెన్ అనగానే మన కళ్ల ముందు నున్నగా కత్తిరించిన గడ్డి కనిపిస్తుంది. తాజ్ మహల్ ముందు గడ్డి చూసి చూసి అలా అలవాటైంది. నిజానికి షాజహాన్ కాలం నాటి చార్‌బాగ్‌లో పూల పాదులు, పండ్ల చెట్లు, సరూ చెట్లు ఉండేవి. నడిచే దారి ఎత్తుగా, మొక్కలు పల్లంగా ఉండేవి. తర్వాతి కాలంలో అది దట్టమైన తోపులా పెరిగింది. 1899 నుంచి 1905 దాకా వైస్రాయ్‌గా ఉన్న లార్డ్ కర్జన్ మరమ్మతులు చేయించినప్పుడు చెట్లు తగ్గాయి, ఇంగ్లండ్ తరహా లాన్‌లు వచ్చాయి. మనం మొఘలాయీ అనుకుని చూస్తున్న గడ్డి చాలావరకు అంగ్రేజీ గడ్డి.

ఆ ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు లాన్ అమీర్‌ల షౌక్. కొడవళ్లతో కోయడానికి నౌకర్లు కావాలి, లేదా మేపడానికి గొర్రెలు కావాలి. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే మిషన్‌కు పేటెంట్ తీసుకున్న తర్వాతే అది మామూలు ఇళ్లకు దిగింది. పైగా అది ముసురు, చినుకు ఎప్పుడూ ఉండే దేశం. కడప జిల్లాలో ఏడాది మొత్తం వాన సగటున 700 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ నాలుగైదు నెలల్లోనే పడిపోతుంది. ఇక్కడ ఆ లాన్ కోసం ఆశపడి, నీళ్లు చాలక, చివరికి దాని నకలు అయిన ప్లాస్టిక్ గడ్డి కొంటున్నాం. అంటే ఇది నకలుకు నకలు.

ప్లాస్టిక్ గడ్డి ఎలా పుట్టింది?

దీన్ని తయారు చేసింది అమెరికాలోని మాన్సాంటో కంపెనీ. పట్నాల్లో పిల్లలకు ఆడుకునే నేల దొరకడం లేదని, వాళ్ల కోసం ఒక కొత్త ఫర్ష్ కావాలని మొదలైన పని అది. 1964లో రోడ్ ఐలాండ్‌లోని మోజెస్ బ్రౌన్ స్కూల్‌లో మొదటిసారి పరిచారు. మరుసటి ఏడాది హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పున్న స్టేడియం తెరిచారు. కప్పు అద్దంలా ఉండి ఆటగాళ్ల కళ్లు జిగేల్‌మంటుంటే దానికి రంగు వేశారు. ఎండ ఆగిపోయి లోపలి గడ్డి చచ్చిపోయింది. 1966లో అక్కడ ఈ నైలాన్ గడ్డి పరిచారు. దానికి ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు అలా వచ్చింది. ఒక్క మాట గమనించండి: ఎండ లేని చోట వాడటానికి అది మష్‌హూర్ అయింది. మన దగ్గర కావలసినంత ఎండ ఉంది.

ఈ గడ్డి మన దేశానికి చేసిన నుక్సాన్ హాకీ ప్రియులకు బాగా తెలుసు. 1975లో కౌలాలంపూర్‌లో మామూలు గడ్డి మీద భారత్ వరల్డ్ కప్ గెలిచింది. సెమీఫైనల్‌లో భోపాల్ కుర్రాడు అస్లమ్ షేర్ ఖాన్ కొట్టిన గోల్‌తోనే మన జట్టు ఓటమి తప్పించుకుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని తొలిసారి ప్లాస్టిక్ టర్ఫ్ మీద ఆడించారు. భారత్‌కు ఏడో స్థానం వచ్చింది. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన జట్టు అది. మట్టిలో, గడ్డిలో నేర్చిన హునర్‌కు ఆ నేల కలిసి రాలేదు. టర్ఫ్ వేయించే పైసా చాలా ఊళ్లకు లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, హాకీ టర్ఫ్‌ను మ్యాచ్ ముందు నీళ్లతో తడపాలి.

మన ఎండలో ఏమవుతుంది?

2002లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు జూన్ నెల పగటి వేళల్లో కొలిచి చూశారు. ప్లాస్టిక్ గడ్డి సగటున 47 డిగ్రీల సెల్సియస్ దాకా కాలింది. తారు నేల 43 డిగ్రీలు. అసలు గడ్డి 26 డిగ్రీలు. ప్లాస్టిక్ మీద నీళ్లు కొడితే చల్లబడింది గానీ, ఇరవై నిమిషాల్లో మళ్లీ కాలిపోయింది. అసలు గడ్డి తన ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదులుతూ చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్‌కు ఆ ఖూబీ లేదు.

అది ఉటా రాష్ట్రం ఎండ. మన మైలవరం మండలంలోనే 1000 మెగావాట్ల సోలార్ పార్క్ తలపెట్టారంటే ఇక్కడి ఎండ తాకత్ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఎండకు ప్లాస్టిక్ పీచు పెళుసుబారి, రాలి, సన్నటి రజనుగా మట్టిలో కలుస్తుంది. యూరప్ దేశాలు 2023లో ఒక ఖానూన్ తెచ్చి, టర్ఫ్‌లో నింపే రబ్బరు, ప్లాస్టిక్ గుళికల అమ్మకాన్ని ఎనిమిదేళ్ల గడువులో ఆపేయాలని నిర్ణయించాయి. పాతబడిన చాపను ఎక్కడ పారేయాలన్నది మన ఊళ్లలో ఇంకో మస్లా.

తహారత్ మాట కూడా చూడాలి. హనఫీ ఫిఖ్‌లో నేల, నేలలో మొలిచిన గడ్డి నజాసత్ తగిలినా, ఎండి దాని అసర్ పోతే నమాజ్‌కు పాక్ అవుతుంది. పరిచిన కాలీన్‌కు ఆ సౌలత్ లేదు, కడగాల్సిందే. పిల్లి తిరిగే సహన్‌లో ప్లాస్టిక్ గడ్డిని ఏ ఖాతాలో వేయాలో మీ మౌలానా సాబ్‌ను అడిగి తెలుసుకోండి.

అయితే వద్దా?

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. కొన్ని చోట్ల అది పనికొస్తుంది. మట్టి లేని బాల్కనీ, ఎండ పడని వరండా, కిందపడితే దెబ్బ తగలకుండా పసిబిడ్డ పాకే మూల, ఇలాంటి చోట చిన్న ముక్క వేసుకుంటే తప్పేం లేదు. బోరు ఎండిపోయిన ఇంట్లో అసలు లాన్ పెంచమనడం కూడా ఇన్సాఫ్ కాదు. ఎండాకాలంలో గడ్డికి చదరపు మీటరుకు రోజుకు అయిదు లీటర్ల నీళ్లన్నా కావాలి. 20 చదరపు మీటర్ల లాన్‌కు అది 100 లీటర్లు.

కానీ లాన్, ప్లాస్టిక్, ఈ రెండే రాస్తాలు కావు. మూడో రాస్తా మన పాత సహన్. ఒక వేప, ఒక దానిమ్మ, ఒక నిమ్మ, గోడ వారగా మోగ్రా, మెహందీ. నడవడానికి మన జిల్లా కడప బండలు, బండల సందుల్లో వాన పడితే తనంతట తానే లేచే గరిక. గరిక ఎండినా చావదు, మళ్లీ చిగురిస్తుంది.

నీళ్లెక్కడివంటే వుజూ నీళ్లున్నాయి. అయిదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు వుజూకు రెండు లీటర్లు వాడినా, అయిదు పూటలకు రోజుకు 50 లీటర్లు. అందులో సబ్బు ఉండదు. వుజూ చేసే చోట నుంచి మోగ్రా పాదుకు చిన్న కాలువ తీస్తే చాలు. ప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కన్నా తక్కువతో, వుజూ పూర్తి చేసేవారని హదీసుల్లో ఉంది. చెట్టు నాటి దాన్ని మనిషైనా పక్షైనా తింటే నాటినవాడికి సదఖా అని కూడా హదీసుల్లో ఉంది. ప్లాస్టిక్ మీద పిచ్చుకకు ఒక్క గింజ దొరకదు.

ఇంకా షక్ ఉంటే ఒక ఇమ్తిహాన్ పెట్టండి. దుకాణంలో అడుగు ముక్క నమూనా అడిగి తెచ్చుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం జుహర్ నమాజ్ అయ్యాక దాన్ని సహన్‌లో పరిచి, పక్కన కడప బండ మీద, వేప కింద మట్టి మీద, ఆ ముక్క మీద వరసగా అరచెయ్యి పెట్టి చూడండి. ఇంట్లో అందరితో పెట్టించండి, దాదీతో సహా. ఆ తర్వాత కూర్చుని మషూరా చేసుకోండి.