మా వాడ చరిత్ర – 9: తప్పెట స్టేజీ ఎక్కిన సాయంత్రం



పోయిన భాగంలో మా వాడ బావి గురించి రాశాను. ఈసారి తప్పెట గురించి. తెలంగాణలో డప్పు అంటారు. మా కడప, కర్నూలు పల్లెల్లో తప్పెట, లేదంటే పలక.

విదేశాల్లో పాత రాక్ బ్యాండు ఊరికొస్తే జనం నెలల ముందే టికెట్లు కొనుక్కుంటారు. మా తరం సీమ పిల్లలకు అలాంటి బ్యాండు ఒక్కటే, జననాట్యమండలి. దానికి టికెట్టు లేదు. బస్సు చార్జీ దొరికితే చాలు.

1972లో పుట్టిన మండలి అది. నిర్బంధం పెరిగి గద్దరన్న ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉన్నాడు. 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. ఆ రోజుల్లోనే ఆ బృందం కర్నూలుకు వస్తోందని మా వాడకు కబురందింది. అప్పటిదాకా ఆ గొంతు మాకు క్యాసెట్లోనే తెలుసు.

నేనూ వస్తానని మా నాయన అన్నాడు. అది నాకు వింతగా తోచింది. ఎందుకో చెప్తాను.

మా నాయన మంచి వాయిద్యగాడు. కానీ ఆ వాయిద్యం ఆయన ఇష్టం కాదు, వెట్టి. జాతరకు కొట్టాలి, పెద్దకులపోళ్ల చావుకు కొట్టాలి, ఊరి చాటింపుకు కొట్టాలి. కూలి బదులు ఇంత సద్ది, ఇంత సారాయి. అమ్మోరి గుడి ముందర తెల్లార్లూ కొట్టిన మనిషి గుడి గడప తొక్కకూడదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ తర్వాత కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్లు ముందు నిలబడగా దళిత మహాసభ పుట్టింది. ఆ ఏడే నాయన తప్పెటను గోడ కొయ్యకు తగిలించి, ఇంక కొట్టనన్నాడు. రెండేళ్లు మమ్మల్ని ఎవరూ కూలికి పిలవలేదు.

మైదుకూరులో బస్సెక్కి, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పొద్దు గూకేసరికి కర్నూలు చేరాం. స్టేజీ పక్కన మంట వేసి తప్పెటలు కాస్తున్నారు. ఆ కాలిన తోలు వాసనకు నాయన ఆగిపోయాడు. గద్దరన్న చొక్కా లేకుండా, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్రతో వచ్చాడు. తప్పెట మోగింది. చుట్టూ మనుషులు లేచి నిలబడ్డారు. వాళ్లలో మా ఊళ్లో ఆ శబ్దం వింటే మైల అనుకునే కులాల కుర్రోళ్లూ ఉన్నారు. నాయన వేళ్లు తొడమీద దరువు వేస్తున్నాయి. ఐదేళ్లలో నేను చూడని పని అది.

తిరుగు బస్సులో నంద్యాల దాటాక అన్నాడు: "బాగ కొడతాండారు రా. గానీ రేపు మనూళ్లో గొడ్డు సస్తే, ఆడ ఎగిరినోళ్లు వచ్చి మోస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పట్లో విప్లవం వర్గం గురించి మాట్లాడినంతగా కులం గురించి మాట్లాడలేదు. కారంచేడు మీద గద్దరన్న పాట కట్టాడు, నిజమే. కానీ తప్పెటను స్టేజీ ఎక్కించినంత తేలిగ్గా తప్పెటగాణ్ణి ఊరు పైకి ఎక్కనీయలేదు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయ్యాక ఆ తప్పెట మా సొంత మాటకు గొంతైంది. నాయన కొయ్య మీది తప్పెట దించింది ఆ తర్వాతే. ఈసారి పిలిచింది ఊరు కాదు, మేము.

1997 ఏప్రిల్ 6న గద్దరన్న మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. చివరి ఏళ్లలో ఆయన అంబేడ్కర్ వైపు, బుద్ధుడి వైపు నడిచాడు. నాయన బస్సులో అడిగిన ప్రశ్న ఆయననూ తొలిచిందేమో అని నాకు అనిపిస్తుంది.

2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. 1991లో చుండూరులో మనవాళ్లను నరికిన తారీఖు కూడా అదే. ఆ సాయంత్రం మా వాడలో మంట వేసి తప్పెట కాచాం. చావుకు వెట్టిగా కొట్టిన తప్పెట, మావాడి కోసం మా ఇష్టంతో మోగింది.

మీ వాడల్లో తప్పెట ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది? ఎవరు పిలిస్తే మోగుతోంది? కింద రాయండి. వచ్చే భాగంలో దండోరా రోజులు.